కట్టెలు వండిన అక్క

ఛత్రినాక మూలమలుపులో, మందుల దుకాణం పైన, పోయిన నెల ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో అక్క ఫోటో ఉంది. ఎప్పటిదో చిన్న ఫోటోను సాగదీసి పెద్దది చేసినట్టున్నారు, మొహం మసకబారి పోలికలు కూడా సరిగా తెలియడం లేదు. చుట్టూ గులాబీలు, అటూ ఇటూ దీపాలు. కింద పెద్ద అక్షరాలతో "శాంతమూర్తి, మృదుభాషి, ఓర్పుకు మారుపేరు అయిన మా పూర్వ కెమిస్ట్రీ అధ్యాపకురాలికి అశ్రునివాళి" అని రాసి, ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన కాలేజీవాళ్లు తమ పేరు వేసుకున్నారు.

బస్సు కోసం నిలబడి ఆ మాటలు రెండోసారి కూడా చదివాను. ఆమెకు శాంతం లేదు. మృదువుగా మాట్లాడగా నేను వినలేదు. ఇక ఓర్పు సంగతి ఆమె నోటితోనే విన్నాను. "ఓర్సుకొమ్మంటరు చెల్లె అందరు. నేను ఓర్సుకుంటే ఎవ్వనికి లాభమో ముందుగాల గది చూస్త" అనేది. పోయినవాళ్లను మెత్తగా చేసి గోడకు తగిలించడం మనకు అలవాటు. ఈ ఒక్క మనిషి విషయంలో నేను దానికి ఒప్పుకోను. పేరు రాయను, అది ఫ్లెక్సీ మీద ఎలాగూ ఉంది. మనిషిని రాస్తాను.

సంతోష్‌నగర్‌లోని ఆ జూనియర్ కాలేజీలో నేను బాటనీ చెబుతాను. ఆమె చేరిన రోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో పేపరు చదువుకుంటున్నాను. నూలు చీర కట్టుకుని, చీర కింద మగవాళ్లు ఫ్యాక్టరీల్లో వేసుకునే నల్లటి మొరటు బూట్లు తొడుక్కున్న ఒకామె వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఈ పేజీ సదివినవా చెల్లె?"

"చదివిన మేడం. మీకు కావాల్నా?"

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన చిన్న గోధుమరంగు సీసా తీసి, పేపరు అంచున ఒక చుక్క వేసింది. చూస్తుండగానే ఆ చుక్క గులాబీ రంగులోకి, అక్కడినుంచి పారాణి ఎరుపులోకి తిరిగింది. తర్వాత నా పాఠం నోట్సులోంచి ఒక తెల్లకాగితం లాక్కుని దాని మీద ఇంకో చుక్క వేసింది. అది తడి మచ్చగానే ఉండిపోయింది.

"పేపరు కట్టెను నూరి చేసిన కాయితం. లిగ్నిన్ అండ్లనే ఉన్నది, అందుకే ఎర్రవడ్డది. రేపు ఎండల పడేస్తే పచ్చవడ్తది. నీ తెల్లకాయితం కట్టెను వండి చేసింది. లిగ్నిన్‌ను ఎల్లగొట్టిన్రు. నీది బాటనీ అంట గద, లిగ్నిన్ చెప్తవా పిల్లలకు?"

"కాండం పాఠంల వస్తది మేడం."

"గట్లయితే ఇగ ఇది నీ దగ్గర పెట్టుకో. చూపెట్టి చెప్పు. నన్ను మేడం అనకు, అక్క అను."

ఆ సీసాలో ఉన్నది ఆమె సొంతంగా కలుపుకునే ద్రావకం. యాసిడ్ ఉండేది కనుక ఆమె సంచులన్నిటికీ అడుగున చిల్లులు. కాగితం కనబడితే చాలు, చుక్క పడాల్సిందే. పెళ్లి కార్డులు, మిర్చి బజ్జీల పొట్లాలు, ఎలక్షన్ కరపత్రాలు, ఏదీ వదలలేదు. ఒకసారి కాలేజీలో చేరిన కొత్త ఇంగ్లీషు సారు తన పెళ్లి శుభలేఖ ఇస్తే, పేరు చదవకముందే చుక్క వేసి, "మంచి కాయితం తమ్మీ, నిలవడ్తది" అని దీవించింది.

ఇక్కడికి రాకముందు ఆమె ఉత్తరాన, అడవి అంచున ఉన్న ఒక కాగితం మిల్లులో పనిచేసింది. లాబ్‌లో కెమిస్టు. మిల్లు మూతపడ్డాక ఛత్రినాకలో తమ్ముడి ఇంటి మీద రేకుల గదిలో ఉంటూ మా కాలేజీకి వచ్చింది. మిల్లు గురించి ఎవరైనా అడిగితే కట్టె గురించి, సోడా గురించి, ఆవిరి గురించి గంటసేపు చెప్పేది. తన గురించి మాత్రం ఒక్క ముక్క రాలేది కాదు. నాకు తెలిసింది ఒక్కటే. అక్కడ ఒకసారి బ్లీచింగ్ విభాగంలో గ్యాసు లీకైంది. ఆ దెబ్బకు ఊపిరితిత్తులు సగం పాడయ్యాయి, వాసన తెలియడం పూర్తిగా పోయింది.

అందుకని మా అందరి ముక్కులు ఆమెవే అయ్యాయి. "వాన వాసన వచ్చిందా?" "ఈ పప్పుకు పోపు మాడిందా?" అని అడిగేది. 'బాగుంది' అంటే ఊరుకునేది కాదు, ఎట్లా బాగుందో చెప్పాలి. మిల్లు కాలనీలో కుళ్లిన గుడ్డు వాసన ఊరంతా ఉండేదట. "వచ్చిపోయే చుట్టాలు ముక్కు మూసుకునేటోళ్లు. మేము మాత్రం పొద్దుగాల లేవంగనే అది వస్తున్నదా లేదా చూసుకునేటోళ్లం. వాసన ఉన్నదంటే మిల్లు నడుస్తున్నట్టు" అనేది.

రెండో ఏడాది మొదట్లో కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌ను ఖాళీ చేయించారు. బల్లలు తీసి కుర్చీలు వేసి, ఎంట్రన్సు కోచింగ్ బ్యాచ్‌ను కూర్చోబెట్టారు. మా కరస్పాండెంట్ పాతబస్తీలో తాతల నాటి బట్టల వ్యాపారం ఉన్న ఇంటివాడు. చెడ్డవాడు కాదు. ఏది అమ్ముడుపోతుందో తెలిసినవాడు.

"ప్రాక్టికల్స్ మార్కులు ఎట్లనన్న పడ్తయి మేడం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు అక్కతో.

"మార్కులకు ఫికర్ లేదు సార్. పిల్లలకు చేతులున్నయి. వాటికేం పని చెప్తరు?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. అక్క ఊరుకోలేదు. ఆ వారమే చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, దర్వాజాలు, సెంట్రింగ్ చెక్కలు కోసే ఒక భాయ్ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. జామాయిల్ కట్టె చిత్రిక పట్టిన పల్చటి పొట్టు కావాలంది. పొయ్యిలో కాల్చడానికా అని ఆయన గోనెసంచి నింపుతూ అడిగాడు.

"జలానే కు హోనా క్యా మేడం?"

"నక్కో భాయ్. పకానే కు హోనా."

వండటానికి కావాలనేసరికి ఆయన ఆమె మొహం వైపు, తర్వాత నా మొహం వైపు చూసి, సంచి మూతి కట్టాడు. షేర్ ఆటోలో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. సంచికి కూడా కిరాయి అడిగిన డ్రైవర్‌తో సంతోష్‌నగర్ వచ్చేదాకా అక్క కొట్లాడుతూనే ఉంది.

మర్నాడు కాలేజీ మిద్దె మీద గ్యాస్ స్టవ్ పెట్టి, తన ఇంటి నుంచి తెచ్చిన పెద్ద స్టీలు ప్రెషర్ కుక్కర్ ఎక్కించింది. రెండో సంవత్సరం ఆడపిల్లలు చుట్టూ దూరంగా నిలబడ్డారు. అందరికంటే ముందున్నది మౌనిక. బస్సు డిపోలో పనిచేసే మెకానిక్ కూతురు. ఏది చెప్పినా 'ఎందుకు' అనే పిల్ల.

"స్టీలుదే ఎందుకు మేడం? మా ఇంట్ల అల్యూమినియంది ఉన్నది, ఇంకా పెద్దది."

"దాంట్ల కాస్టిక్ సోడా పోసినవనుకో, కట్టె ఉడికేలోపట కుక్కర్‌నే తింటది. మీ అమ్మ నన్ను తింటది."

పొట్టు మీద సోడా నీళ్లు పోసి మూత బిగించి, పిల్లలను ఇంకా వెనక్కి జరిపింది. కళ్లకు అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టింది.

"కట్టె అంటే ఏంది? ఎంట్రుకకన్న సన్నటి పీచులు. ఆ పీచు సెల్యులోజు. పీచుకు పీచుకు నడుమ పట్టివెట్టేది లిగ్నిన్. చెట్టు గంత ఎత్తు నిలవడ్డదంటే దాని పుణ్యమే, దాన్ని తిట్టకుండ్రి. గని కాయితానికి పీచు కావాలె, లిగ్నిన్ వద్దు. ఎట్ల విడదీస్తం? కొడితే పీచు విరుగుతది. ఉత్త నీళ్లల్ల ఉడకవెడితే లిగ్నిన్‌కు ఏం గాదు. అది మస్తు పెద్ద అణువు. ఒక వరుస లేదు, వాయి లేదు, అన్ని దిక్కుల అల్లుకోని ఉంటది. అండ్ల నడుమ నడుమ ఆక్సిజన్ లంకెలుంటయి. సోడా, వేడి రెండు కలిసి ఆ లంకెల మీద పడ్తయి. లంకె తెగుతది. తెగిన ముక్క చిన్నది, సోడా నీళ్లల్ల కరుగుతది. అప్పుడు నీళ్లు నల్లవడ్తయి. ఆ నలుపే లిగ్నిన్."

"మిల్లుల గూడ గిట్లనేనా మేడం?"

"మిల్లుల వేడి ఇంకా ఎక్కువ, అందుకే జల్ది అయితది. సోడా తోని సల్ఫైడ్ గూడ ఏస్తరు. అది లంకెలను తొందరగ తెంపుతది, పీచును అంతగనం ముట్టది. ఊరంత వాసన దానిదే. మనకు సల్ఫైడ్ వద్దు. సంతోష్‌నగరోళ్లు మనల్ని ఉరికిస్తరు."

పొద్దంతా వండారు. పిల్లలు ఒక క్లాసుకు దిగిపోయి మళ్లీ పరుగెత్తుకుంటూ పైకి వచ్చారు. సాయంత్రం చల్లారాక మూత తీస్తే లోపల కషాయంలాంటి నల్లటి నీళ్లు. వాటిని బకెట్‌లోకి వంచి, మిగిలిన ముద్దను నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగితే, కట్టె పొట్టు కాస్తా తడి దూదిలా విడిపోయింది. అక్క పచ్చి పొట్టు మీద ఒక చుక్క వేసింది. ఎర్రగా మండింది. ముద్ద మీద ఒక చుక్క వేసింది. గులాబీ ఛాయ కూడా సరిగా రాలేదు. మౌనిక రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"మొత్తం పోయిందా మేడం?"

"మొత్తం పోదు. ఈ చుక్కకు కనవడకుంట గూడ కొంత ఉంటది. మొత్తం పోయేదాక వండితే పీచు గూడ పోతది. ఎక్కడ ఆపాల్నో తెలుసుడే మా నౌకరి."

అప్పుడే కరస్పాండెంట్ మెట్లెక్కి వచ్చాడు. ఎవరో ఫోన్ చేసి, మిద్దె మీద పొగ వస్తోందని చెప్పారట.

"ఏంది మేడం ఈ లొల్లి? కాలేజీ అనుకున్నరా, కార్ఖానా అనుకున్నరా?" అంటూ వేగంగా ముందుకు రాబోయి నల్లనీళ్ల బకెట్‌ను తన్నేశాడు. ఆ నీళ్లు మిద్దె తూము గుండా బయటికి పోయి, వీధివైపు కొత్తగా సున్నం వేసిన గోడ మీద, అక్కడ కట్టిన ర్యాంకర్ల ఫోటోల బ్యానర్ మీద చారలు చారలుగా కారాయి. కింద పాన్‌డబ్బా దగ్గరివాళ్లు తలలెత్తి చూశారు.

ఆయన మొహం ఎర్రబడింది. "చూసిన్రా ఏమైందో?"

"చూసిన. బకెట్‌ను తన్నింది మీరే సార్. ముందుగాల కాళ్లు కడుక్కోండి, సోడా ఉన్నది, చర్మం పోతది" అని నీళ్ల చెంబు ఆయన చేతికిచ్చింది. ఆయన కాళ్లు కడుక్కున్నంతసేపూ పక్కనే నిలబడి, వేళ్ల సందులు కూడా కడగమని చెప్పింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు.

మర్నాడు అటెండర్ చేతికి మెమో ఇచ్చి పంపించారు. కాలేజీ కరపత్రాలు అచ్చువేయగా మిగిలిన చవక కాగితం మీద టైపు చేసి ఉంది. అక్క చదవలేదు, ముందు చుక్క వేసింది. పారాణి రంగు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని నేరుగా కరస్పాండెంట్ గదిలోకి నడిచింది. ఏమవుతుందోనని నేనూ వెనకాలే వెళ్లాను.

"సార్, మెమో ఇచ్చిన్రు, తీసుకున్న. గని ఈ కాయితం ఏడాదికే పచ్చవడి పెళుసైతది. నన్ను తీసేసే దినం మంచి కాయితం మీద రాసియ్యండి. దాసుకుంట."

"మీరు తగ్గేటట్టు లేరు కదా మేడం" అన్నాడు ఆయన, విసుగ్గా.

"ఎందుకు తగ్గాలె సార్? నేను చెప్పిన పాఠంల తప్పున్నదా? చెప్పండి, తగ్గుత."

ఆ తర్వాత పేరెంట్స్ మీటింగ్ పెట్టించారు. దానికి ముందు అక్క నన్ను పక్కకు పిలిచి, "నువ్వు నోరు తెరవకు. నిన్ను గూడ తీసేస్తే రేపు పిల్లలను నా దగ్గరికి తోలేటోళ్లు ఎవరుంటరు?" అంది. తర్వాత ఏం జరగబోతోందో ఆమెకు అప్పటికే తెలుసు.

మీటింగ్‌లో చాలామంది ర్యాంకుల గురించే మాట్లాడారు. చివరికి మౌనిక తండ్రి లేచాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా మీద గ్రీజు మరకలు.

"మేడం, నేను డిపోల గాలి ట్యాంకులు, ప్రెజర్ పైపులు చూసేటోన్ని. ప్రెజర్ తోని పరాచికాలు ఆడొద్దు. మీరేమో అండ్ల సోడా పోసిన్రు. రేపు పిల్లల మొకాల మీదికి లేస్తే ఎవరు జిమ్మేదారి?"

"నేను."

"మీరు నేనంటరు. లేచినంక మీరేం చేస్తరు?"

అక్క వెంటనే మాట్లాడకపోవడం నేను చూడడం అదే మొదలు. తర్వాత నెమ్మదిగా అంది.

"తమ్మీ, ఇంత సేపట్ల పిల్లల మొకం గురించి అడిగినోనివి నువ్వొక్కనివే. ఇది అడగాల్సిన ప్రశ్న. నువ్వు వచ్చి నా సామాను చూడు. ఇది పనికిరాదు అంటివా, ఆ దినమే బంద్ చేస్త."

"వచ్చుడు గిచ్చుడు ఏం లేదు. మన కాలేజీల ఇగ ఈ వంటలు లేవు" అన్నాడు కరస్పాండెంట్. చాలామంది చప్పట్లు కొట్టారు.

"మీ కాలేజీల లేవు సార్, మంచిది. కట్టెకు, సోడాకు మీ పర్మిషన్ అక్కరలేదు" అని అక్క కుర్చీలోంచి లేచింది.

రాజీనామా చేయమని రెండు మూడు దిక్కుల నుంచి చెప్పించారు. చేయలేదు. "నేను ఎందుకు ఇడుస్త? ఆయనకు వద్దయితే ఆయన్నే రాసియ్యమను" అంది. రాసిచ్చారు. ఈసారి దళసరి బాండ్ పేపరు మీద. స్టాఫ్‌రూంలో అందరి ముందు దాని మీద చుక్క వేసి, రంగు రాకపోవడం చూసి, "మాట నిలవెట్టుకున్నడు" అని మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సంచికీ అడుగున చిల్లు ఉండే ఉంటుంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఛత్రినాకలో ఆమె గది ముందున్న మిద్దె మీద వంట మొదలైంది. పొద్దున చర్చికి పోయివచ్చి, తెల్లచీర కొంగు నడుముకు దోపి స్టవ్ వెలిగించేది. మొదటివారం మౌనిక, ఇంకో ఇద్దరు. నేను పంపిన పిల్లలు కొందరు. పక్కవీధి స్కూలు నుంచి కొందరు. తమ్ముడి భార్య మొదట్లో గొణిగింది. అక్క ఆమెతోనూ కొట్లాడింది, చివరికి పిల్లలకు చాయ్ పెట్టి ఇచ్చే పని ఆమెకే అప్పజెప్పింది.

రెండో ఆదివారం మౌనిక తండ్రి వచ్చాడు. వస్తూనే కుక్కర్‌ను తలకిందులు చేసి చూశాడు. సేఫ్టీ వాల్వును ఊడదీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది ఎప్పటిది మేడం?"

"మిల్లు కాలనీల కొన్నది."

"దీన్ని తీసి పారెయ్యాలె. రబ్బరు గూడ ఎండింది. నేను వేరేది ఏసేదాక వండకుండ్రి."

"వండ" అంది అక్క. ఆమె ఒక మాటకు ఎదురు చెప్పకుండా ఒప్పుకోవడం నేను ఆ ఒక్కసారే చూశాను. మరుసటి వారం ఆయన కొత్త వాల్వు, కొత్త రబ్బరు వేశాడు, పాత బస్సు రేకుతో స్టవ్‌కు మూడు వైపులా అడ్డం కట్టాడు. ఆ తర్వాత డ్యూటీ లేని ప్రతి ఆదివారం వచ్చి, రేకు పక్కన స్టూలు వేసుకుని, వంట దిగేదాకా కూర్చునేవాడు. పాఠం వింటున్నట్టు కనిపించేవాడు కాదు. ఒకరోజు నాతో మాత్రం, "లంకె తెగుతది గని పీచు తెగొద్దు. గది కష్టం మేడం" అన్నాడు, తన పని గురించి చెప్పుకుంటున్నంత మామూలుగా.

బోనాల ఆదివారం కూడా క్లాసు ఆగలేదు. మైకుల్లో పాటలు హోరెత్తుతుంటే, బోనం ఎత్తి వచ్చిన పిల్లలు పసుపు పాదాలతో మెట్లెక్కారు. అక్క వాళ్లను చూసి కేకలేసింది, సోడా ఉన్నచోటికి ఉత్తకాళ్లతో వస్తారా అని. తమ్ముడి ఇంట్లో ఉన్న చెప్పులన్నీ తెచ్చి తొడిగించాకే దగ్గరికి రానిచ్చింది. మూత తీయగానే అలవాటుగా అడిగింది.

"వాసన ఎట్లున్నది? సక్కగ చెప్పుండ్రి."

"తడిసిన గోనెసంచి లెక్క మేడం."

"ఇంక?"

"చెరుకు పిప్పి ఉడకవెట్టినట్టు."

"కొత్తగ సున్నమేసిన గోడ."

ఆమె కళ్లు మూసుకుని వింది. "సున్నం కరెక్ట్. సోడా ఇంక మిగిలున్నది. మళ్ల కడుగుండ్రి" అంది.

జల్లెడ మీద ముద్దను పరిచి, నీళ్లు ఓడ్చి, పాత చీర ముక్కల మధ్య అదిమి ఎండబెడితే కాగితం తయారైంది. కిరాణా సంచి రంగులో, అంచులు గరుకుగా. పిల్లలు దాని మీద ఏమీ రాయలేదు. ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని ఎండకు ఎత్తిపట్టి లోపలి పీచులు చూశారు. మౌనికకు ఎంట్రన్సులో ర్యాంకు రాలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంది. అదంతా మిద్దె మీది వంటల వల్లేనని కరస్పాండెంట్ నాతో అన్నాడు. ఆ మాట మోసుకెళ్లి అక్కకు చెబితే, "రెండోది మా వల్లనే. మొదటిది వాళ్ల కోచింగ్ వల్ల" అంది.

కిందటి చలికాలం నుంచి ఆమెకు మెట్లెక్కడం కష్టమైంది. ఆవిరికి, పొగకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. ఆమె కుర్చీని మిద్దెకు ఆ చివర వేయించుకుని, "దూరంగనే ఉన్న కద" అంది. మౌనిక వండేది, ఆమె అక్కడినుంచి అరిచేది. ఒక్కో వాక్యానికీ మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చేది. ఆ ఆగిన వ్యవధిలో ఎవరైనా తప్పు చేస్తే చెయ్యి బల్ల మీద కొట్టేది. ఇక చాలు, విశ్రాంతి తీసుకో అక్కా అని నేనంటే, నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఒక మంగళవారం పొద్దున, గదిలో, తమ్ముడి భార్య చాయ్ తెచ్చేసరికి పోయి ఉంది.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక అందరూ కదులుతుంటే, తెల్ల పంచె, మెడలో కండువా ఉన్న ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. మిల్లు ఊరి నుంచి రైల్లో వచ్చాడట. అక్కడ డైజెస్టర్ మీద పనిచేసేవాణ్నని చెప్పాడు. డైజెస్టర్ అంటే కట్టెను వండే కుండ, మూడంతస్తుల ఎత్తుంటుంది.

"మిల్లు బంద్ అయిన దినం సంగతి మీకు చెప్పిందా మేడం?" అని అడిగాడు.

చెప్పలేదన్నాను. ఆయన పక్కనున్న దిమ్మె మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.

"మూస్తరని అందరికి ఎరుకే. ఏ దినమో తెల్వదు. ఆ పొద్దు మేము కుండల కట్టె, సోడా నింపి ఆవిరి వట్టినం. వంట సగం గూడ గాలేదు. మేనేజరొచ్చి, బాయిలర్ ఆర్పుండ్రి, అందరు గేటు బయటికి నడువుండ్రి అన్నడు. మేము దిగుతున్నం. ఈమె లాబ్ కెల్లి ఉరికొచ్చింది. సగం ఉడికిన కట్టెను ఇడిసిపెడితే ఏమైతదో తెలుసా మీకు అని ఆయన మీదికి పోయింది. సల్లవడితే, కరిగిన లిగ్నిన్ మళ్ల పీచు మీదనే పేరుకుంటది, ముక్కకు ముక్క అతుక్కుంటది, కుండల బండ తయారైతది అన్నది. రేపు ఎవడన్న మిల్లు తెరుస్తనని వస్తే ఆ కుండ చూసి ఎనుకకు పోతడు అన్నది. మేనేజరేమో, తెరిచేటోడు ఎవ్వడు లేడమ్మా అన్నడు."

"అక్క ఏమన్నది?"

"ఉన్నడో లేడో చెప్పేటందుకు నువ్వెవ్వనివి అన్నది. పోయి బాయిలర్ దర్వాజ కాడ నిలవడ్డది. నన్ను దాటి ఆర్పుండ్రి అన్నది. బాయిలరోళ్లు ఆమె మొకం చూసి మళ్ల బొగ్గు ఎగెయ్యవట్టిన్రు. ఇప్పటి సంది మీరెవ్వరు మా మనుషులు కాదు, ఏమన్న అయితే మాకు సంబంధం లేదు అని మేనేజరు ఎల్లిపోయిండు. మేము ఉన్నం. గడియకొక్కసారి కుండల నల్లనీళ్లు తీసుకపోయి, సోడా ఎంత మిగిలిందో చూసి, ఇంక కాలేదు, ఇంక కాలేదు అన్నది. పొద్దు వంగినంక, ఇగ తెరువుండ్రి అన్నది. వాల్వు తెరిచినం. గుజ్జు మొత్తం ఒక్క ఊపుల ట్యాంకుల వడ్డది. ఆ గుజ్జు తోని కాయితం చేసేటోడు ఎవ్వడు లేడని మాకందరికి ఎరుకే. అయినా కుండను నీళ్లు పెట్టి కడిగిచ్చింది. లోపట టార్చి ఏసి చూసింది."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. మిల్లు చాలా ఏళ్లు మూతపడి ఉండి, ఆ మధ్య కొత్తవాళ్ల చేతుల్లో మళ్లీ తెరుచుకుందని, అన్నిటికంటే ముందు ఆవిరి పట్టింది ఆ కుండకేనని, ఇప్పుడు దాని మీద తన కొడుకు పనిచేస్తున్నాడని చెప్పాడు. ఈ సంగతి అక్కకు తెలుసా అని అడిగాను. ఫోన్ చేసి చెబితే, ఊరంతా వాసన వస్తున్నదా అని ఒక్కమాట అడిగి పెట్టేసిందట.

మట్టి కప్పడం అయిపోయింది. మౌనిక, ఆమె తండ్రి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు. ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"ఆ దినం మేమందరం ఏడ్సుకుంట గేటు దాటినం మేడం" అన్నాడు. "ఆమె ఒక్కతే తిట్టుకుంట దాటింది."